సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు విమానంలో అసలు ఎన్ని గంటలు? ఒక్కొక్క చోట ఒక్కొక్క లెక్క ఎందుకు కనబడుతోంది?

ప్రశ్న: దూరప్రయాణం

అందరికీ నమస్కారం. మా నాన్నగారు అక్టోబరు చివరి వారంలో సింగపూర్ చాంగీ విమానాశ్రయం నుంచి న్యూయార్క్‌లోని జాన్ ఎఫ్. కెనడీ విమానాశ్రయానికి, మధ్యలో ఎక్కడా ఆగని విమానంలో ఒంటరిగా వెళుతున్నారు. నవంబరు మధ్యలో అదే విధంగా తిరిగి వస్తారు. ఆయనకు డెబ్బై రెండేళ్లు. ఎనిమిది గంటలకు ఒకసారి తప్పకుండా వేసుకోవలసిన మాత్ర ఒకటి ఉంది కాబట్టి, ప్రయాణం నిజంగా ఎన్ని గంటలు పడుతుందో తెలుసుకుని, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఒక కాగితం మీద రాసి ఆయన జేబులో పెట్టాలని కూర్చున్నాను. అక్కడే చిక్కు మొదలైంది.

దూరం చూపించే వెబ్‌సైట్లు మూడు తెరిచాను. ఒకటి 15,349 అంది, రెండోది 9,537 అంది, మూడోది 8,288 అంది. ప్రయాణ సమయం ఒక చోట 17 గంటల 33 నిమిషాలు అని ఉంటే, విమాన సంస్థ పట్టికలో 18 గంటల 30 నిమిషాలు అని ఉంది. నాకే అనుమానం వచ్చి, గోడ మీది ప్రపంచ పటంలో రెండు నగరాల మధ్య స్కేలు పెట్టి కొలిచి, పటం అడుగున ఇచ్చిన కొలమానంతో హెచ్చవేసి చూస్తే అది వీటిలో దేనికీ దగ్గరగా కూడా రాలేదు.

అన్నిటికంటే నన్ను తికమక పెట్టింది టికెట్టు. వెళ్లేటప్పుడు మధ్యాహ్నం 12:15కు బయలుదేరి అదే రోజు సాయంత్రం 6:45కు చేరతారని ఉంది, అంటే చూడటానికి ఆరున్నర గంటలు. వచ్చేటప్పుడు రాత్రి 10:30కు బయలుదేరి, మూడో రోజు ఉదయం 6:20కి చేరతారని ఉంది. రెండు వైపులా దూరం ఒకటే కదా? దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుందని చిన్నప్పుడు నేర్చుకున్న లెక్క ఇక్కడ ఎందుకు పనిచేయడం లేదో ఎవరైనా ఓపికగా వివరిస్తే కృతజ్ఞుడిగా ఉంటాను.

జవాబు: రేఖాంశం

ముందు దూరం సంగతి తేల్చుకుందామండీ, ఎందుకంటే మీరు చూసిన మూడు అంకెలూ సరైనవే. 15,349 కిలోమీటర్లు, 9,537 మామూలు మైళ్లు, 8,288 నాటికల్ మైళ్లు అన్నవి ఒకే దూరానికి మూడు రూపాలు. మామూలు మైలుకు 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలుకు కచ్చితంగా 1.852 కిలోమీటర్లు. విమానయానంలో దూరాన్ని నాటికల్ మైళ్లలోనే లెక్కపెడతారు. అంకె పక్కన ఏ కొలమానమో రాయకుండా వదిలేసే వెబ్‌సైట్ల వల్ల ఈ గందరగోళం చాలామందికి ఎదురవుతూనే ఉంటుంది.

ఇక గోడ మీది పటం. గుండ్రటి భూమిని బల్లపరుపు కాగితం మీద పరిచినప్పుడు ధ్రువాలకు దగ్గరగా ఉన్న ప్రాంతాలు సాగిపోతాయి కాబట్టి, పటం మీద తిన్నగా కనబడే గీత భూమి మీద తిన్నని దారి కాదు. మీరు పెట్టిన స్కేలు బహుశా సింగపూర్ నుంచి పడమరగా శ్రీలంక సమీపం, యెమెన్, ఉత్తర ఆఫ్రికాల మీదుగా అట్లాంటిక్ సముద్రం దాటి న్యూయార్క్ చేరి ఉంటుంది. దిక్సూచిని ఒకే కోణంలో పట్టుకుని ఆ గీత వెంట నిజంగానే వెళ్లామనుకుంటే దాదాపు 18,500 కిలోమీటర్లు ప్రయాణించాలి. అసలు దూరం కంటే అది మూడు వేల కిలోమీటర్లకు పైగా ఎక్కువ.

సరైన దారి చూడాలంటే గ్లోబు కావాలి. ఇంట్లో పిల్లల గ్లోబు ఉన్నా చాలు. ఒక దారం తీసుకుని ఒక కొసను సింగపూర్ మీద వేలితో నొక్కిపట్టి, రెండో కొసను న్యూయార్క్ మీదకు లాగి బిగించండి. దారం వదులుగా ఉన్నంతసేపూ అటూ ఇటూ జారుతుంది. పూర్తిగా బిగుసుకోగానే ఆఫ్రికా వైపు ఉండదు, అట్లాంటిక్ వైపూ ఉండదు. పైకి జరిగి, దాదాపు ఉత్తర ధ్రువం మీదుగా వెళ్లి నిలుస్తుంది. అదే అతి తక్కువ దూరం. భూకేంద్రం గుండా పోయే తలంతో గోళాన్ని కోస్తే ఏర్పడే మహావృత్తంలో అది ఒక ముక్క.

ఈ రెండు విమానాశ్రయాల విషయంలో ఒక అందమైన సౌలభ్యం ఉంది. మామూలుగా ఇలాంటి దూరం కట్టడానికి త్రికోణమితి సూత్రాలు కావాలి, కానీ ఇక్కడ కూడిక చాలు. చాంగీ 103.99 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, కెనడీ విమానాశ్రయం 73.78 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉన్నాయి. రెండూ కలిపితే 177.77, అంటే ఇవి భూమికి దాదాపు ఎదురెదురు రేఖాంశాలు. అందువల్ల ఒకచోటి నుంచి నేరుగా ధ్రువానికి వెళ్లి, అక్కడి నుంచి నేరుగా రెండోచోటికి దిగినట్టు లెక్కవేస్తే తేడా నామమాత్రమే. చాంగీ అక్షాంశం 1.36 డిగ్రీలు, కనుక అక్కడి నుంచి ధ్రువానికి 88.64 డిగ్రీలు. కెనడీ విమానాశ్రయం అక్షాంశం 40.64 డిగ్రీలు, కనుక ధ్రువం నుంచి అక్కడికి 49.36 డిగ్రీలు. మొత్తం సరిగ్గా 138 డిగ్రీలు. డిగ్రీకి అరవై నాటికల్ మైళ్ల చొప్పున 8,280 నాటికల్ మైళ్లు వచ్చింది చూడండి, అంటే సుమారు 15,335 కిలోమీటర్లు. కాగితం మీద రెండు కూడికలతో అసలు అంకెకు పద్నాలుగు కిలోమీటర్ల దగ్గరికి వచ్చేశాం.

ఆ మిగిలిన కొద్ది కిలోమీటర్లు భూమి ఆకారం వల్ల వచ్చినవి. భూమి ధ్రువాల దగ్గర కొద్దిగా అణిగి ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు అయితే ధ్రువాల దగ్గర 6,357 మాత్రమే. భూమిని నిఖార్సయిన గోళం అనుకుని లెక్కవేసే వెబ్‌సైట్లకూ, ఈ అణిగిన ఆకారాన్ని పరిగణించే వెబ్‌సైట్లకూ మధ్య అర శాతం లోపు తేడా రావచ్చు. విమానం పదకొండు కిలోమీటర్ల ఎత్తున ఎగురుతుంది కాబట్టి దూరం బాగా పెరుగుతుందేమో అని కొందరు అడుగుతుంటారు. ఇంత పొడవైన ప్రయాణంలో కూడా ఆ ఎత్తు వల్ల పెరిగేది సుమారు 27 కిలోమీటర్లే, అంటే రెండు నిమిషాల లోపు.

అయితే ఈ 15,349 కిలోమీటర్లు రెండు విమానాశ్రయాల మధ్య ఉన్న దూరం మాత్రమే. మీ నాన్నగారు ఎక్కిన విమానం ఎగిరే దూరం అది కాదు. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారు.

జవాబు: గాలివాటు

నేను కొన్నేళ్లు దూరప్రాంత విమానాలకు ప్రయాణ ప్రణాళికలు తయారుచేసే విభాగంలో పనిచేశాను, కాబట్టి ఈ భాగం నాకు వదిలేయండి.

మీరు చూసిన 17 గంటల 33 నిమిషాలు ఎలా వచ్చాయో ముందు చెబుతాను. 15,349ని గంటకు 900 కిలోమీటర్లతో భాగిస్తే 17 గంటల 3 నిమిషాలు. విమానం పైకి ఎక్కడానికీ కిందికి దిగడానికీ కలిపి అరగంట. ఆ వెబ్‌సైటుకు గాలి తెలియదు, దారి తెలియదు, ఏ విమానమో కూడా తెలియదు. ప్రపంచంలో ఏ రెండు ఊళ్లు ఇచ్చినా అదే భాగహారం చేస్తుంది. దగ్గరి ఊళ్ల విషయంలో దీనివల్ల పెద్ద తేడా రాదు కానీ దూరం పెరిగేకొద్దీ నమ్మదగనిదవుతుంది.

గంటకు 900 అన్న అంకె గాలిలోంచి ఊడిపడింది కాదు. ఇప్పటి పెద్ద విమానాలు ధ్వని వేగంలో 85 శాతం దగ్గర హాయిగా ఎగిరేలా తయారయ్యాయి. పదకొండు కిలోమీటర్ల ఎత్తున ప్రామాణిక ఉష్ణోగ్రత మైనస్ 56.5 డిగ్రీలు, ఆ చలిలో ధ్వని వేగం గంటకు సుమారు 1,062 కిలోమీటర్లు. అందులో 85 శాతం అంటే 903. కానీ ఇది చుట్టూ ఉన్న గాలితో పోల్చినప్పటి వేగం. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. విమానం ప్రయాణించేది గాలిలో, ఆ గాలి తనంతట తానే కదులుతూ ఉంటుంది. నదిలో పడవ నడిపేవాడు ఒడ్డు మీది మైలురాళ్లను బట్టి కాక ప్రవాహాన్ని బట్టి గంటలు చెబుతాడు, మేమూ అంతే.

మధ్య అక్షాంశాల మీద, విమానాలు తిరిగే ఎత్తులోనే, పడమర నుంచి తూర్పుకు వీచే బలమైన గాలుల పట్టీలు ఉంటాయి. వాటిని జెట్ స్ట్రీమ్ అంటాం. గంటకు 150, 200 కిలోమీటర్ల వేగం అక్కడ మామూలు. చలికాలంలో అంతకంటే బాగా ఎక్కువే ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో ఒక పెద్ద తుపాను సమయంలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ వారి బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేల మీద కొలిస్తే ఒక దశలో దాని వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అయినా అది ధ్వని వేగాన్ని దాటలేదు, ఎందుకంటే చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే అది ఎప్పటిలాగే ఎగురుతోంది. అదే దారిలో లండన్ నుంచి న్యూయార్క్‌కు వెళ్లే విమానాలకు ఏడున్నర, ఎనిమిది గంటలు పడుతుంది.

వెళ్లేటప్పుడు కలిసొచ్చింది వచ్చేటప్పుడు పోతుంది కాబట్టి చివరికి లెక్క సరిపోతుందని అనుకోవడం సహజమే, కానీ సరిపోదు. 6,000 కిలోమీటర్ల దూరం, 900 వేగం అనుకోండి. గాలి లేకపోతే రానుపోను 13 గంటల 20 నిమిషాలు. గంటకు 100 కిలోమీటర్ల గాలి వీస్తే అనుకూలంగా ఉన్నప్పుడు 6 గంటలు, ఎదురుగా ఉన్నప్పుడు ఏడున్నర గంటలు, మొత్తం 13 గంటల 30 నిమిషాలు. ఎదురుగాలిలో ఎక్కువసేపు గడపవలసి రావడం వల్ల నష్టం ఎప్పుడూ లాభం కంటే ఎక్కువే ఉంటుంది.

అందుకే మేము తక్కువ దూరం ఉన్న దారిని వెతకం, చుట్టూ ఉన్న గాలితో పోల్చి కొలిచినప్పుడు తక్కువ ప్రయాణం ఉన్న దారిని వెతుకుతాం. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ వైపుకు మార్చింది. దారి సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 కిలోమీటర్లకు చేరింది. ప్రయాణ సమయం మాత్రం తగ్గి పద్నాలుగున్నర గంటలయింది. దూరం పెరిగి కాలం తగ్గడానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ నాకు తెలియదు.

ఇప్పుడు మీ నాన్నగారి ప్రయాణానికి వద్దాం. రేఖాంశం గారు చెప్పినట్టు ఈ రెండు నగరాలూ భూమికి దాదాపు ఎదురెదురు వైపుల ఉన్నాయి. కనుక ధ్రువం వదిలేస్తే తూర్పుగానూ వెళ్లవచ్చు, పడమరగానూ వెళ్లవచ్చు. సింగపూర్ నుంచి బయలుదేరిన విమానం తరచుగా ఈశాన్యంగా వెళ్లి, జపాన్‌కు తూర్పున జెట్ స్ట్రీమ్‌ను అందుకుని, ఉత్తర పసిఫిక్ మీదుగా ఉత్తర అమెరికాలో ప్రవేశిస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు అది పసిఫిక్ వైపు రాకుండా, తరచుగా మళ్లీ తూర్పుకే బయలుదేరి అట్లాంటిక్, యూరప్, ఆసియాల మీదుగా వస్తుంది. అంటే రెండు వైపులా గాలి వెనుక నుంచే తోస్తుంది. లండన్–న్యూయార్క్ మధ్య కనబడేటంత తేడా ఈ దారిలో కనబడకపోవడానికి కారణం ఇదే. రెండుసార్లూ ఇలాగే జరిగితే మీ నాన్నగారు ఇంటికి తిరిగొచ్చేసరికి భూమిని ఒక పూర్తి చుట్టు చుట్టినట్టే. ఆయనకు ఈ మాట చెప్పండి, సంతోషిస్తారు.

2018 అక్టోబరులో సింగపూర్ ఎయిర్‌లైన్స్ న్యూయార్క్ పక్కనే న్యూజెర్సీలో ఉన్న నెవార్క్ విమానాశ్రయానికి, అతి దూరప్రయాణాల కోసం తయారైన ఏ350-900 యూఎల్‌ఆర్ రకం విమానంతో సర్వీసు మొదలుపెట్టినప్పుడు ప్రయాణ దూరం సుమారు 16,700 కిలోమీటర్లు, సమయం సుమారు 18 గంటల 45 నిమిషాలు అని ప్రకటించింది. 2020 నవంబరు నుంచి కెనడీ విమానాశ్రయానికీ నడుపుతోంది. పటం మీది దూరం కంటే ఆ ప్రకటించిన దూరం పదమూడు వందల కిలోమీటర్లకు పైగా ఎక్కువన్నది గమనించండి. ఆ విమానం 1,65,000 లీటర్ల ఇంధనం పట్టేలా తయారైంది. బయలుదేరేటప్పుడు అంత బరువుతో ఎక్కువ ఎత్తుకు చేరలేదు. ఇంధనం ఖర్చయి తేలికయ్యేకొద్దీ మెట్లు మెట్లుగా పైకి వెళుతుంది.

దారిని నిర్ణయించేది గాలి ఒక్కటే కాదు. రెండు ఇంజన్ల విమానం ఒక ఇంజను ఆగిపోయినా నిర్ణీత సమయంలో ఏదో ఒక విమానాశ్రయం చేరగలిగేంత దగ్గరలో ఉండాలి. ధ్రువ ప్రాంతంలో గడ్డకట్టే చలి మరో సమస్య. విమానాల్లో వాడే జెట్ ఏ-1 ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది, అందువల్ల ట్యాంకులోని ఉష్ణోగ్రతను ప్రయాణమంతా గమనిస్తూ ఉంటారు. ఇక గగనతలం మూసివేతలు. 2022లో రష్యా గగనతలం యూరప్ సంస్థలకు మూతపడిన తర్వాత, అంతకుముందు తొమ్మిదిన్నర గంటల్లో ముగిసే హెల్సింకి–టోక్యో ప్రయాణం సుమారు పదమూడు గంటలకు పెరిగింది. రెండు నగరాలూ ఉన్నచోటే ఉన్నాయి, దూరం చూపే వెబ్‌సైటులో అంకె ఇప్పటికీ మారలేదు.

జవాబు: నింగిచూపు

పై వివరణ బాగుంది కానీ ఒక సందేహం ఉంది. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా, అలాంటప్పుడు పడమరకు ఎగిరే విమానానికి గమ్యస్థానమే ఎదురు రావాలి, తూర్పుకు ఎగిరే విమానానికి దూరంగా జరిగిపోవాలి. నిజానికి తూర్పు ప్రయాణమే త్వరగా ముగుస్తోందంటే భూభ్రమణానికి ప్రయాణ సమయంతో ఏ సంబంధమూ లేదని అనుకోవాలా?

జవాబు: గాలివాటు

మంచి ప్రశ్న. నేరుగా సంబంధం లేదు, పరోక్షంగా చాలా ఉంది.

భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు కదులుతోంది. దాన్ని అంటిపెట్టుకుని ఉన్న వాయుమండలమూ, రన్‌వే మీద నిలబడి ఉన్న విమానమూ అదే వేగంతో కదులుతున్నాయి. విమానం పైకి లేవగానే ఆ వేగం ఎక్కడికీ పోదు. నడుస్తున్న రైలు పెట్టెలో మీరు ఎగిరి గెంతితే నిలబడిన చోటనే దిగుతారు, పెట్టె వెనక గోడకు వెళ్లి గుద్దుకోరు. గాలి భూమితోపాటు తిరగకపోయి ఉంటే మనం ఇంటి గుమ్మంలో నిలబడినా గంటకు వెయ్యి కిలోమీటర్లకు మించిన ఈదురుగాలిని భరించవలసి వచ్చేది.

పరోక్ష సంబంధం జెట్ స్ట్రీమ్ ద్వారా వస్తుంది. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి పైకి లేచిన గాలి ధ్రువాల వైపు కదులుతుంది. భూమధ్యరేఖ దగ్గర దానికున్న తూర్పు వేగం ఎక్కువ, అది చేరుతున్న ఉత్తర ప్రాంతాల్లో నేల వేగం తక్కువ. అందువల్ల ఆ గాలి నేలను మించిపోయి తూర్పుకు మళ్లుతుంది. వేడి గాలికీ చల్లటి గాలికీ మధ్య సరిహద్దు దగ్గర ఈ ప్రవాహం ఇరుకైన పట్టీగా మారి బలం పుంజుకుంటుంది. కాబట్టి భూమి తిరగడం వల్ల తూర్పు ప్రయాణికులకు మేలే జరుగుతోంది, అయితే ఆ మేలు గాలి చేతుల మీదుగా అందుతోంది.

జవాబు: వేళాపట్టిక

ప్రశ్న అడిగినవారికి ఇప్పుడు కావలసింది మాత్రల కాగితం కాబట్టి గడియారం సంగతి నేను చెబుతాను.

విమాన సంస్థ ఇచ్చే 18 గంటల 30 నిమిషాలు గాలిలో ఉండే సమయం కాదు. గేటు దగ్గర విమానం వెనక్కి కదలడం మొదలైన క్షణం నుంచి, గమ్యస్థానంలో గేటు దగ్గర ఆగి చక్రాలకు అడ్డు పెట్టేవరకూ ఉన్న సమయం. రన్‌వే వరకూ వెళ్లడానికి, అక్కడ వరుసలో నిలబడటానికి, దిగిన తర్వాత గేటు చేరడానికి పట్టే సమయమంతా ఇందులోనే ఉంటుంది. పెద్ద విమానాశ్రయాల్లో బయలుదేరేటప్పుడే ఇరవై నిమిషాలు గడిచిపోవడం మామూలు. దీనికి తోడు ఆ కాలంలో సాధారణంగా వీచే గాలులను బట్టి, ఆలస్యాలను తట్టుకోవడానికి కొంత వెసులుబాటు కలిపి పట్టిక తయారుచేస్తారు. అందువల్ల ఒకరోజు నలభై నిమిషాలు ముందుగా దిగినా, ఇంకోరోజు అరగంట ఆలస్యమైనా ఆశ్చర్యపోనక్కర్లేదు. ముందు మాటగా ఒకటి చెప్పాలి: టికెట్టు మీద డైరెక్ట్ అని ఉంటే సరిపోదు, నాన్‌స్టాప్ అని ఉండాలి. డైరెక్ట్ విమానం దారిలో ఒకచోట దిగి, అదే నంబరుతో మళ్లీ బయలుదేరవచ్చు. మీరు మధ్యలో ఆగదని రాశారు కాబట్టి ఇబ్బంది లేదు.

టికెట్టు మీది రెండు వేళలూ ఆయా ఊళ్ల స్థానిక సమయాలు. వాటిని నేరుగా తీసివేయకూడదు. ముందు రెండింటినీ ఒకే గడియారానికి తేవాలి. సింగపూర్ యూటీసీ (ప్రపంచమంతా ప్రమాణంగా తీసుకునే సమయం) కంటే 8 గంటలు ముందు ఉంటుంది. న్యూయార్క్ వేసవి వేళల్లో, అంటే గడియారాన్ని ఒక గంట ముందుకు జరిపి ఉంచే నెలల్లో, యూటీసీ కంటే 4 గంటలు వెనుక ఉంటుంది. అంటే అక్టోబరు చివరలో తేడా 12 గంటలు. సింగపూర్‌లో మధ్యాహ్నం 12:15 అయితే న్యూయార్క్‌లో అప్పుడు అర్ధరాత్రి దాటి 12:15. అక్కడి నుంచి సాయంత్రం 6:45కు పద్దెనిమిదిన్నర గంటలు. పట్టికలో ఉన్నది సరిగ్గా అంతే. విమానం పసిఫిక్ మీదుగా అంతర్జాతీయ దినరేఖ దాటి వెళ్లినా, అట్లాంటిక్ మీదుగా దాటకుండా వెళ్లినా ఈ లెక్క మారదు. ఒక రోజు కలిసొచ్చిందా పోయిందా అని బుర్ర పాడుచేసుకోవలసిన అవసరం లేదు.

మాత్రల విషయంలో వైద్యుడి మాటే చివరి మాట. ప్రయాణానికి ముందు ఈ కాగితం ఆయనకు చూపించి ఒప్పుకున్న తర్వాతే మీ నాన్నగారికి ఇవ్వండి. లెక్క తప్పకుండా ఉండటానికి ఒక పద్ధతి మాత్రం చెప్పగలను. మా అమ్మగారు ఇలాగే దూరప్రయాణం చేసినప్పుడు ఆవిడ చేతికి ముళ్ల గడియారం కట్టి, గమ్యం చేరి నిద్రపోయి లేచేవరకూ దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ మార్చవద్దని చెప్పాం. ఫోను విమానం దిగగానే స్థానిక సమయానికి తనంతట తానే మారిపోతుంది, సీటు ముందున్న తెర ఒకసారి ఇక్కడి సమయం, ఇంకోసారి అక్కడి సమయం చూపిస్తుంది. మనిషి నిద్రలోంచి లేచి చూస్తే ఏది నమ్మాలో తెలియదు. చేతి గడియారం మాత్రం బయలుదేరిన ఊరి సమయమే చెబుతుంది. కాగితం మీద కూడా అవే వేళలు రాయండి.

దూరప్రయాణం (ప్రశ్న అడిగినవారు)

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న రాత్రి పక్కింటి పిల్లవాడి గ్లోబు అడిగి తెచ్చి, దారం బిగించి చూశాను. అది వేళ్ల కింద జారి ధ్రువం మీదకు వెళ్లడం కళ్లారా చూశాక, మా నాన్నగారిని పిలిచి చూపించాను. ఆయన దారాన్ని వదిలి మళ్లీ తానే మూడుసార్లు బిగించి చూసుకున్నారు.

కాగితం కూడా తయారైంది. ఉదయం ఆరింటికి ఇంట్లో మొదటి మాత్ర, తర్వాత మధ్యాహ్నం రెండింటికి ఒకటి, రాత్రి పదింటికి ఒకటి, విమానంలో. మర్నాడు ఉదయం ఆరింటికి వేసుకోవలసిన మాత్ర కూడా విమానంలోనే వస్తుంది, ఎందుకంటే సింగపూర్ సమయం ప్రకారం ఆయన దిగేది 6:45కు. ఆ మూడో మాత్ర దిగే హడావుడిలో మరచిపోకుండా ఎర్ర సిరాతో రాశాను. రేపు వైద్యుడికి చూపిస్తాను.

తిరుగు ప్రయాణానికి నాకు నేనే లెక్క కట్టుకున్నాను. న్యూయార్క్‌లో రాత్రి 10:30, దానికి 12 గంటలు కలిపితే సింగపూర్‌లో మర్నాడు ఉదయం 10:30. అక్కడి నుంచి ఆ మరుసటి రోజు ఉదయం 6:20కి 19 గంటల 50 నిమిషాలు. అంటే వెళ్లేటప్పటి కంటే గంటా ఇరవై నిమిషాలు ఎక్కువ. గాలి రెండు వైపులా అనుకూలమే అని గాలివాటు గారు రాశారు కానీ నవంబరులో గాలులు మారి ఎదురుగాలి తగులుతుందని అర్థం చేసుకున్నాను. ఈ లెక్క ప్రకారమే రెండో కాగితం రాయవచ్చా?

జవాబు: వేళాపట్టిక

ఆగండి, ఆ రెండో కాగితం ఇంకా రాయవద్దు. ఇందులో గాలి తప్పు లేదు, గడియారం మారింది.

న్యూయార్క్‌లో వేసవి వేళలు నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున ముగుస్తాయి. రెండు గంటలు కాగానే గడియారాన్ని వెనక్కి ఒంటిగంటకు తిప్పుతారు. సింగపూర్‌లో గడియారాలను అలా మార్చే పద్ధతి లేదు. మీ నాన్నగారు వెళ్లేటప్పుడు 12 గంటలున్న తేడా నవంబరు మధ్యలో తిరిగి వచ్చేసరికి 13 గంటలు అవుతుంది. న్యూయార్క్‌లో రాత్రి 10:30 అయితే సింగపూర్‌లో అప్పుడు మర్నాడు ఉదయం 11:30. అక్కడి నుంచి ఆ మరుసటి రోజు 6:20 వరకూ 18 గంటల 50 నిమిషాలు. వెళ్లేటప్పటి కంటే తేడా ఇరవై నిమిషాలే.

ఇంకొక జాగ్రత్త. ఆ ఆదివారం నాటికి ఆయన న్యూయార్క్‌లోనే ఉంటారు కాబట్టి, అప్పటికే స్థానిక వేళలకు అలవాటుపడి మాత్రలు వేసుకుంటూ ఉంటే, ఆ రాత్రి రెండు మాత్రల మధ్య ఎనిమిది గంటలకు బదులు తొమ్మిది గంటలు వస్తాయి. రేపు వైద్యుడిని కలిసినప్పుడు ఆ ఒక్క రాత్రి గురించి కూడా అడిగి, ఆయన చెప్పింది మొదటి కాగితం వెనకవైపు రాసి పెట్టండి.